క్లోరిన్ సాల్వెంట్లను విడగొట్టే ఇనుముకు ఏ లోహం తోడు కావాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. హైదరాబాద్ శివారులో ఒక పారిశ్రామికవాడ పక్కనున్న బోరు నీటిలో ట్రైక్లోరోఇథిలీన్, డైక్లోరోమీథేన్ అనే రెండు క్లోరిన్ సాల్వెంట్లూ బయటపడ్డాయి. ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం మీరు సోడియం బోరోహైడ్రైడ్‌తో నానో ఇనుము, అంటే అతి సూక్ష్మమైన ఇనుప రేణువులు, తయారుచేసుకున్నారు. దానిమీద పల్లాడియం ఎక్కిస్తే వేగం ఎన్నో రెట్లు పెరుగుతుందని చదివారు. పల్లాడియం ఖరీదు మనం భరించలేం, నికెల్‌తోనో రాగితోనో సరిపెట్టుకోండని మీ గైడ్ అంటున్నారు. ఏది కలపాలి, ఎంత శాతం కలపాలి అని అడిగారు.

ముందు సూటిగా చెప్పేస్తాను. ట్రైక్లోరోఇథిలీన్‌ను విరగ్గొట్టడంలో పల్లాడియానికి సాటి లేదు. కానీ మీ బోరు నీటిలో అది ఎంతకాలం పనిచేస్తుందో తేల్చుకోకుండా దానికి డబ్బు పెట్టవద్దు. నికెల్ కూడా వేగం పెంచుతుంది. అయితే మనుషులు తాగే నీటి దరిదాపుల్లో దాన్ని వాడకండి. రాగి వల్ల కొంత లాభం ఉంది, గొప్పగా లేదు. డైక్లోరోమీథేన్‌ను మాత్రం ఈ మూడూ కదిలించలేవు. ఎంత శాతం అన్నది వీటన్నిటి తర్వాత వచ్చే ప్రశ్న.

ఒట్టి ఇనుము ఏం చేస్తుందో తెలిస్తేనే తోడు లోహం దేనికో తెలుస్తుంది. ఇనుము తుప్పు పడుతూ ఎలక్ట్రాన్లు వదులుతుంది. వాటిని అందుకున్న ట్రైక్లోరోఇథిలీన్ తన క్లోరిన్లను క్లోరైడ్‌గా వదులుకుంటుంది. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ గిల్హామ్ బృందం దీన్ని నేలలోనే చేసి చూపించింది. 1991లో బోర్డెన్ సైనిక స్థావరంలో భూగర్భజలం పారే దారికి అడ్డంగా 22 శాతం ఇనుప రజను, మిగతాది ఇసుకతో గోడ కట్టారు. 1994–95లో కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో అలాంటి గోడ వ్యాపార స్థాయిలో నేలలోకి దిగింది. ఆ గోడల్లో ఖరీదైన లోహమేదీ లేదు. నీరు ఇనుము మధ్య నుంచి చాలా నెమ్మదిగా నడుస్తుంది కాబట్టి ఇనుము నిదానంగా పనిచేసినా అక్కడ చెల్లిపోయింది. మన దక్కన్ గ్రానైట్‌లో అలా కందకం తవ్వి గోడ కట్టే వీలు చాలా తక్కువ, ఎందుకంటే ఇక్కడ నీరు బండ పగుళ్ల వెంట పోతుంది. ఆ పగుళ్లలోకి నానో ఇనుము పంపినా అది ఎటు చేరిందో చెప్పడం కష్టం. నీటిని పైకి తోడి శుద్ధి చేయడమే మీకు మిగిలే మార్గం. పైకి తోడిన నీరు రోజుల తరబడి ఆగదు. అందుకే మీకు వేగం కావాలి.

ఒక చిన్న లెక్క వేయండి. ఒక ట్రైక్లోరోఇథిలీన్ అణువు పూర్తిగా ఈథేన్‌గా మారాలంటే ఎనిమిది ఎలక్ట్రాన్లు కావాలి, అంటే నాలుగు ఇనుప పరమాణువులు. బరువులో చూస్తే గ్రాము సాల్వెంటుకు 1.7 గ్రాముల ఇనుము. కాగితం మీద ఇంత చవక. నిజంగా సీసాలో జరిగేది వేరు. నానో ఇనుములో చాలా భాగం సాల్వెంటును ముట్టకుండానే నీటితో చర్య జరిపి హైడ్రోజన్‌గా బుడగలై పోతుంది.

పోతున్న ఆ హైడ్రోజన్‌ను పట్టి పనిలో పెట్టడమే పల్లాడియం చేసే మొదటి మేలు. హైడ్రోజన్ అణువును అది తన ఉపరితలం మీద పరమాణువులుగా చీల్చి ఉంచుతుంది. పక్కనే వచ్చి వాలిన ట్రైక్లోరోఇథిలీన్‌లో క్లోరిన్లు ఊడి, ఆ స్థానాల్లోకి హైడ్రోజన్ చేరుతుంది. రెండో మేలు విద్యుత్ రసాయన సంబంధమైనది. ఇనుముకు ఒక ఉదాత్త లోహం, అంటే తేలిగ్గా తుప్పు పట్టని లోహం, తగిలి ఉంటే ఇనుము మరింత చురుగ్గా ఎలక్ట్రాన్లు వదులుతుంది. 1995లో అమెరికాలోని అరిజోనా విశ్వవిద్యాలయం వాళ్లు పల్లాడియం ఎక్కించిన ఇనుప పొడితో దీన్ని చూపించారు. 1997లో లీహై విశ్వవిద్యాలయంలో వెయ్‌షియాన్ ఝాంగ్ బృందం అదే పనిని నానో రేణువులతో చేసింది. అదే బృందం తర్వాత టెట్రాక్లోరోఇథిలీన్‌తో కొలిచినప్పుడు చర్యకు అవసరమైన ఉత్తేజక శక్తి నానో ఇనుముతో మోలుకు 45 కిలోజౌళ్లు ఉంటే, పల్లాడియం తోడైతే 31కి దిగింది.

వేగం కన్నా నాకు ముఖ్యమనిపించేది మరొకటి ఉంది. ఒట్టి ఇనుముతో ట్రైక్లోరోఇథిలీన్ విరిగేటప్పుడు కొంత భాగం సగంలో ఆగి డైక్లోరోఇథిలీన్‌గా, వినైల్ క్లోరైడ్‌గా బయటికి రావచ్చు. వినైల్ క్లోరైడ్ మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని నిర్ధారణ అయిన పదార్థం. అమెరికాలో తాగునీటికి ట్రైక్లోరోఇథిలీన్ పరిమితి లీటరుకు 5 మైక్రోగ్రాములైతే, వినైల్ క్లోరైడ్‌కు 2 మాత్రమే. విషాన్ని తీసేసి దానికన్నా చెడ్డ విషాన్ని నీటిలో వదిలితే అది శుద్ధి అనిపించుకోదు. పల్లాడియం మీద అణువు ఉపరితలాన్ని వదిలేలోపే క్లోరిన్లన్నీ ఊడిపోయి, దాదాపు నేరుగా ఈథేన్ వస్తుంది. క్లోరోబెంజీన్లు, పీసీబీల (పాలీక్లోరినేటెడ్ బైఫినైళ్ల) సంగతి మరీ స్పష్టం. గది ఉష్ణోగ్రతలో ఒట్టి ఇనుము వాటిని పెద్దగా ఏమీ చేయలేదు, పల్లాడియం తోడైతే చర్య చురుగ్గా సాగుతుంది.

ఇంత మంచి లోహం అయితే వెనకాడటం ఎందుకని మీరు అడగవచ్చు. ఇనుము మీద కూర్చున్న పల్లాడియానికి ఆయుష్షు తక్కువ. కింద ఇనుము కరుగుతుంటుంది, కరిగినది తుప్పుగా మారి పల్లాడియం మీదే పేరుకుంటుంది. 2010లో లీహై వాళ్లే ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో ఈ రేణువులను తాజాగా ఒకసారి, నీటిలో నానిన తర్వాత ఒకసారి పరిశీలించారు. మొదట రేణువు పైపొరలో ఉన్న పల్లాడియం తర్వాత ఇనుప ఆక్సైడ్ పొర కిందికి చేరిపోయింది, చురుకు కూడా పడిపోయింది. తయారుచేసిన గంటలోనే ప్రయోగం చేసి, రెండు గంటల్లో ముగించి గీసిన గ్రాఫులో ఈ సంగతి కనిపించదు. పరిశోధన పత్రాల్లో మీరు చూసే పెద్ద పెద్ద సంఖ్యల్లో చాలా భాగం అలాంటి గ్రాఫుల నుంచి వచ్చినవే.

దీనికి మీ నీటి స్వభావం కూడా తోడవుతుంది. సల్ఫేట్ ఉన్న నీటిలో ఆక్సిజన్ అయిపోయాక సల్ఫేట్‌ను క్షయకరించే (దానిలోని ఆక్సిజన్‌ను లాగేసే) బాక్టీరియా సల్ఫైడ్ తయారుచేస్తుంది. పల్లాడియానికి సల్ఫైడ్ పరమ విషం, చాలా కొద్ది మోతాదులోనే ఉపరితలాన్ని కప్పేస్తుంది. తెలంగాణ బోరు నీళ్లలో తరచుగా ఎక్కువగా కనిపించే నైట్రేట్ ఇనుమును తినేసి అమ్మోనియాగా మారుతుంది. కాఠిన్యం ఎక్కువగా ఉంటే, ఇనుము తుప్పు పట్టేకొద్దీ పెరిగే క్షారతకు కార్బోనేట్లు అవక్షేపమై రేణువుల మీద పొర కడతాయి. ఇవన్నీ డిస్టిల్డ్ వాటర్‌లో ఉండవు. అందుకే నేనెప్పుడూ ముందు నీటి పరీక్ష చూస్తాను, లోహం సంగతి తర్వాత.

ఇక నికెల్. పెన్ స్టేట్ విశ్వవిద్యాలయం వాళ్లు 2002లో నికెల్–ఇనుము నానో రేణువులతో ట్రైక్లోరోఇథిలీన్‌ను హైడ్రోకార్బన్లుగా మార్చి చూపించారు. నికెల్ కూడా పల్లాడియం లాగే హైడ్రోజన్‌ను చీలుస్తుంది, ధర తక్కువ, కాబట్టి మీ గైడ్ మాటలో తర్కం ఉంది. కానీ పల్లాడియం కొద్దిగా వేస్తే చాలే చోట నికెల్ చాలా ఎక్కువ వేయాలి. ఇనుము ఉన్నంతవరకు ఎలక్ట్రాన్లు వదిలే పని ఇనుమే చేస్తుంది కాబట్టి నికెల్ లోహంగా నిలుస్తుంది. ఇనుము అయిపోయిన రోజున నికెల్‌కు ఆ రక్షణ పోతుంది, అది నీటిలోకి దిగవచ్చు. మన ఐఎస్ 10500 ప్రమాణంలో తాగునీటిలో నికెల్ పరిమితి లీటరుకు 0.02 మిల్లీగ్రాములే, సడలింపు కూడా లేదు. ఆ మాత్రం నికెల్ కారడానికి చాలా స్వల్పమైన పొరపాటు చాలు. ప్రయోగశాలలో పోలిక కోసం చేయండి, తప్పులేదు. ఊరివాళ్ల బోరుకు మాత్రం సిఫార్సు చేయకండి.

రాగి హైడ్రోజన్‌ను పల్లాడియంలా చీల్చలేదు. ఇనుముతో చిన్న బ్యాటరీ కట్టి తుప్పును తొందరపెట్టడమే ప్రధానంగా దాని పని. వెండి కూడా ఇంచుమించు అంతే, అయినా 2000 ప్రాంతంలో ఝాంగ్ బృందం వెండి–ఇనుము రేణువులతో క్లోరోబెంజీన్ల మీద పనిచేసింది. రాగి విషయంలో ఇంకో హెచ్చరిక ఉంది, కింద డైక్లోరోమీథేన్ దగ్గర చెబుతాను.

ఈ రంగంలో తోడు లోహం అనే ఆలోచన అన్నిటికన్నా అందంగా పండిన చోటు, నా దృష్టిలో, బంగారం–పల్లాడియం జంట. ఇక్కడ ఇనుము అసలు ఉండదు. హైడ్రోజన్‌ను బయటి నుంచి నీటిలో కరిగిస్తారు, పల్లాడియమే ప్రధాన ఉత్ప్రేరకం, బంగారం దానికి తోడు. 2005లో రైస్ విశ్వవిద్యాలయంలో మైకేల్ వాంగ్ బృందం బంగారు నానో రేణువుల మీద పల్లాడియాన్ని ఒక పరమాణువు మందం కూడా నిండని పొరగా వేసింది. గ్రాము పల్లాడియానికి లెక్కకడితే దాని చురుకు మామూలుగా వాడే, అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) మీది పల్లాడియం కన్నా పది రెట్లకు మించింది. ఒట్టి బంగారానికి ఈ చర్యలో చురుకే లేదు. ఆశ్చర్యం ఏమిటంటే, బంగారాన్ని పూర్తిగా కప్పేస్తే చురుకు తగ్గుతుంది. ఉపరితలంలో సుమారు మూడింట రెండు వంతులు కప్పినప్పుడు అది శిఖరానికి చేరుతుంది. బంగారం పల్లాడియాన్ని చిన్న చిన్న గుంపులుగా విడదీసి ఉంచుతుంది, ఆక్సీకరణం చెందకుండా లోహ స్థితిలో నిలుపుతుంది. 2009లో అదే బృందం చూపించిన ఫలితం నాకు మరింత విలువైనదిగా తోస్తుంది. క్లోరైడ్, సల్ఫైడ్ ఉన్న నీటిలో ఒట్టి పల్లాడియం చతికిలబడితే, బంగారం తోడున్న పల్లాడియం చాలావరకు తట్టుకుంది. తోడు లోహానికి నేను పెట్టే పరీక్ష అదే. మొదటి గంటలో ఎంత వేగం తెచ్చిందని కాదు, చెడ్డ నీటిలో ప్రధాన లోహాన్ని ఎంతకాలం కాపాడిందని.

హైడ్రోజన్ ఎంత కావాలో అని భయపడకండి. గది ఉష్ణోగ్రతలో ఒక వాతావరణ పీడనం దగ్గర లీటరు నీటిలో సుమారు 1.6 మిల్లీగ్రాముల హైడ్రోజన్ కరుగుతుంది. అణువుకు నాలుగు హైడ్రోజన్ అణువుల చొప్పున లెక్కేస్తే, లీటరుకు 25 మిల్లీగ్రాముల ట్రైక్లోరోఇథిలీన్ వరకు అది సరిపోతుంది. మీ బోరులో అంత ఉండే అవకాశం తక్కువ. కాలిఫోర్నియాలోని ఎడ్వర్డ్స్ వైమానిక స్థావరంలో స్టాన్‌ఫర్డ్ వాళ్లు అల్యూమినా మీది పల్లాడియంతో నిజమైన భూగర్భజలాన్ని ఇలాగే శుద్ధి చేశారు. అక్కడ కూడా సల్ఫైడ్ ఉత్ప్రేరకాన్ని పాడుచేసింది. సోడియం హైపోక్లోరైట్, అంటే బ్లీచింగ్ ద్రావణంతో కడిగి మళ్లీ చురుకు తెప్పించారు. ఇనుము మీది పల్లాడియానికి ఆ వెసులుబాటు లేదు, బ్లీచింగ్ పోస్తే ఇనుమే పోతుంది.

పల్లాడియానికి ఇంకొక లోహం కలిపేటప్పుడు అది ఇంకేం తినడం మొదలుపెడుతుందో కూడా చూడాలి. ఒట్టి పల్లాడియం నైట్రేట్‌ను ముట్టదు. రాగిగానీ ఇండియంగానీ కలిపితే నైట్రేట్‌ను క్షయకరిస్తుంది. నైట్రేట్ తీయడమే లక్ష్యమైతే అది వరం. మీలాంటి నీటిలో, నైట్రేట్ ట్రైక్లోరోఇథిలీన్ కన్నా వందల రెట్లు ఎక్కువ ఉన్నప్పుడు, మీ హైడ్రోజన్ అంతా అటే పోతుంది.

ఇనుముతోనే కొనసాగాలనుకుంటే మీకు నేనిచ్చే సలహా లోహం కానిది: గంధకం. పల్లాడియాన్ని చంపే సల్ఫైడే ఇనుముకు మేలు చేస్తుంది. నానో ఇనుమును కొద్దిపాటి సోడియం సల్ఫైడ్‌తో కలిపితే పైన ఇనుప సల్ఫైడ్ పొర ఏర్పడుతుంది. అది ఎలక్ట్రాన్లను బాగానే పోనిస్తుంది, నీటిని మాత్రం దూరంగా పెడుతుంది. ఇనుము వృథాగా హైడ్రోజన్ బుడగలై పోవడం తగ్గి, ఎలక్ట్రాన్లలో ఎక్కువ వాటా ట్రైక్లోరోఇథిలీన్‌కు చేరుతుంది. చర్య ఎక్కువగా వినైల్ క్లోరైడ్ మీదుగా కాక ఎసిటిలీన్ మార్గంలో నడవడం వల్ల వినైల్ క్లోరైడ్ బెడద కూడా తక్కువ. ఖర్చు కూడా స్వల్పమే. అయితే సల్ఫైడ్ కలిపిన ఇనుము మీద పల్లాడియం వేయాలని ఆలోచించకండి, ఒకటి రెండోదాన్ని పాడుచేస్తుంది. సోడియం సల్ఫైడ్‌కు ఆమ్లం తగలనివ్వవద్దు, వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ ప్రాణాంతకం.

డైక్లోరోమీథేన్ విషయంలో నిష్కర్షగా ఉండాలి. నానో ఇనుము, పల్లాడియం–ఇనుము, హైడ్రోజన్‌తో పల్లాడియం, ఇవేవీ నీటిలో దాన్ని చెప్పుకోదగ్గ వేగంతో విరగ్గొట్టవు. 1,2-డైక్లోరోఈథేన్ కూడా అంతే. మందుల పరిశ్రమలో డైక్లోరోమీథేన్ వాడకం చాలా ఎక్కువ కాబట్టి మన దగ్గర ఈ రెండూ కలిసి దొరకడం సహజం. దాన్ని గాలితో నీటి నుంచి వెళ్లగొట్టవచ్చు, లేదా దాన్నే ఆహారంగా చేసుకునే బాక్టీరియాతో తినిపించవచ్చు. గాలిలోకి వెళ్లగొట్టినదాన్ని అలాగే వదలకూడదు, ఆక్సీకరణ ఉత్ప్రేరకం మీద కాల్చాలి. ఇక్కడ తోడు లోహం పని మారిపోతుంది. సీరియం ఆక్సైడ్ లాంటివి సాల్వెంటును బాగానే కాలుస్తాయి, కానీ ఊడిన క్లోరిన్ వాటి ఉపరితలాన్నే అంటిపెట్టుకుని చర్యను ఆపేస్తుంది. దానికి కొద్దిగా రుథేనియం కలిపితే, ఆ క్లోరిన్‌ను క్లోరిన్ వాయువుగా తుడిచి పంపేస్తుంది. హైడ్రోజన్ క్లోరైడ్ నుంచి క్లోరిన్ తయారుచేసే పరిశ్రమల్లో రుథేనియం ఆక్సైడ్ వాడేది కూడా ఈ గుణం వల్లే. వెనక క్షార ద్రావణంతో కడిగే స్క్రబ్బర్ తప్పనిసరి. రాగి గురించి చెబుతానన్న హెచ్చరిక ఇదీ: క్లోరిన్, కర్బనం ఉన్న వేడి వాయువుల్లో 250 నుంచి 400 డిగ్రీల మధ్య రాగి క్లోరైడ్ డయాక్సిన్లనే తీవ్ర విషాలు ఏర్పడటానికి ఉత్ప్రేరకం అవుతుంది. వ్యర్థాల దహన యంత్రాల్లో ఇది బాగా తెలిసిన సమస్య. చవక అని అక్కడ రాగి పెట్టవద్దు.

ఇప్పుడు మీ ప్రయోగం. పల్లాడియం–ఇనుము ఎలాగూ చేస్తారు కాబట్టి బరువులో 0.1, 0.5, 1 శాతం, ఈ మూడు చాలు. నానో ఇనుమును నైట్రోజన్ పంపి ఆక్సిజన్ తీసిన నీటితో కడిగి, తడిగా ఉన్నప్పుడే పల్లాడియం ఎసిటేట్‌ను ఇథనాల్‌లో కరిగించి కొద్దికొద్దిగా పోస్తూ కలపండి. ద్రావణం నారింజ–గోధుమ రంగు పలచబడి పోతూ ఉంటే పల్లాడియం ఇనుము మీద దిగుతోందని అర్థం. రంగు మిగిలిపోతే ఇనుము ఉపరితలం అప్పటికే తుప్పు పట్టిందన్నమాట. రేణువులను ఎండబెట్టవద్దు, ఎండిన నానో ఇనుము గాలి తగిలితే అంటుకోగలదు. బోరోహైడ్రైడ్ కలిపేటప్పుడు వచ్చేది హైడ్రోజన్, దగ్గరలో మంట ఉండకూడదు. ఇంకొకటి, బోరోహైడ్రైడ్‌తో చేసిన ఇనుములో బోరాన్ మిగులుతుంది. అది మార్కెట్లో దొరికే నానో ఇనుములా ప్రవర్తించదు, హైడ్రోజన్‌ను కూడా కొంత వాడుకోగలదు. కాబట్టి మీ ఫలితాన్ని వేరే ఇనుముతో చేసినవాళ్ల ఫలితంతో నేరుగా పోల్చకండి. అదే ఇనుమును అదే విధంగా కడిగి, పల్లాడియం లేకుండా నడిపిన సీసా మీ అసలైన పోలిక.

కొలతల్లో చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. ట్రైక్లోరోఇథిలీన్ తేలిగ్గా ఆవిరవుతుంది. 25 డిగ్రీల దగ్గర సగం నీరు, సగం ఖాళీ ఉన్న సీసాలో దాదాపు 28 శాతం సాల్వెంటు పైనున్న గాలిలోనే ఉంటుంది. రబ్బరు మూత మరికొంత పీల్చుకుంటుంది. మూతకు టెఫ్లాన్ పొర ఉన్న సెప్టం (సూది గుచ్చే బిళ్ల) వాడండి, ఇనుము లేని సీసా ఒకటి పక్కన పెట్టండి. సాల్వెంటు మాయమైనంత మాత్రాన విరిగిందని రాయకండి. క్లోరైడ్ పెరుగుదలతో రుజువు చేద్దామంటే మీ నీటిలో కుదరదు. లీటరుకు 1 మిల్లీగ్రాము ట్రైక్లోరోఇథిలీన్ పూర్తిగా విరిగినా వచ్చే క్లోరైడ్ 0.8 మిల్లీగ్రాములే. బోరు నీటిలో ముందే పదులు, వందల మిల్లీగ్రాములు ఉన్నప్పుడు ఆ తేడా పట్టుబడదు. సీసా పైభాగంలోని గాలిని తీసి గ్యాస్ క్రొమాటోగ్రఫీలో ఈథేన్, ఇథిలీన్, ఎసిటిలీన్, వినైల్ క్లోరైడ్ కొలవండి. పోయిన సాల్వెంటులోని కర్బనం, వచ్చిన పదార్థాల్లోని కర్బనం లెక్క సరిపోతేనే మీ ఫలితం నిలుస్తుంది.

మూడు సీసాలు పెట్టండి: ఒట్టి ఇనుము, సల్ఫైడ్ కలిపిన ఇనుము, 0.5 శాతం పల్లాడియం ఉన్న ఇనుము. మూడింటిలోనూ మీ బోరు నీరే పోయండి. వారానికోసారి కొత్తగా ట్రైక్లోరోఇథిలీన్ ఎక్కించి, నెల రోజులు వేగాన్ని చూడండి. అయిదో విడతకు కూడా పల్లాడియం ముందుంటే మీ గైడ్‌తో ఖర్చు గురించి మాట్లాడవచ్చు. రెండో విడతకే వెనకబడితే ఆ డబ్బుతో క్రొమాటోగ్రఫీ పరీక్షలు మరికొన్ని చేయించుకోండి.